దేవకుమారి సాక్ష్యం

పోయినవారం దేవకుమారిని పార్సిప్పనీ అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్సుల దగ్గర, చేతిలో యూనివర్సిటీ కవరుతో నిలబెట్టి వచ్చాం. పాపం, శనివారమంతా అలాగే ఉంది. కవరులో వచ్చింది నల్లట్ట బైండు పుస్తకం. తమిళ మాటలతో కంప్యూటర్‌కి పని చెప్పే ‘సొల్’ అనే భాష మీద రిపోర్టు. ఆ భాషని మూడేళ్లు కూర్చుని రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది దేవకుమారి. మొదటి పేజీలో ఉన్న పేరు మాత్రం ఒక్కటే: పి. సుందర్ రాజ్. అంటే ఆమె మొగుడు. కృతజ్ఞతల పేజీలో, డిపార్ట్‌మెంట్ సెక్రటరీ తరవాత, అట్టడుగున ఇంకో వరస ఉంది. “ఓపికగా టైపు చేసిపెట్టి, వేళకి టీ ఇచ్చిన నా భార్యకు.”

ఆ భార్యకి ఒక పేరుందన్న సంగతి పుస్తకం మొత్తం వెతికినా దొరకదు. నూట నలభై పేజీలూ ఆమె తిప్పింది కాబట్టే చెబుతున్నాను.

ఆదివారం మధ్యాహ్నం చర్చికి బయల్దేరి, కారు రూట్ నలభై ఆరు ఎక్కాక ఆమె నోరు విప్పింది.

“నా పేరెందుకు వేయలేదండీ?”

సుందర్ రాజ్ రేడియో ఆపాడు. ఈ ప్రశ్న వస్తుందని అతనికి తెలుసు, జవాబు కూడా సిద్ధంగానే ఉంది. “కుమారీ, నీకెన్నిసార్లు ఎక్స్‌ప్లెయిన్ చేయాలి? నువ్వు ఎఫ్-టూ వీసా మీద ఉన్నావు. వర్క్ చేయడానికి లేదు. రిపోర్ట్‌లో నీ పేరుంటే ఇమ్మిగ్రేషన్ వాళ్లు ఊరుకుంటారా? ప్రొఫెసర్‌గారే వద్దన్నారు, రిస్క్ అని.”

“ప్రొఫెసర్‌గారు వద్దన్నారా?”

“అవును మరి. నేనేం చేసేది?”

దేవకుమారి బైబిలు సంచీ తెరిచి, మడత పెట్టిన చిన్న కాగితం తీసింది. పుస్తకంలో పెట్టి ప్రొఫెసర్ పంపిన చీటీ అది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆమె తెలుగులో, నింపాదిగా, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. “నేనడిగినట్టు మీ శ్రీమతి పేరు కూడా వేసి ఉంటే సంతోషించేవాణ్ణి. పేరు అచ్చులో రావడం ఆమెకి ఇష్టం లేదనీ, అది మీ ఆచారమనీ మీరు చెప్పారు కాబట్టి గౌరవించి ఊరుకున్నాను.”

సుందర్ రాజ్ చెవులు ఎర్రబడ్డాయి.

“ఏ ఆచారమండీ అది?” అంది దేవకుమారి. “మా అమ్మ పేరు పెరంబూరు గుడి గోడమీద పాలరాతి మీద చెక్కారు, సండే స్కూలు కట్టించిందని. మా ఇంట్లో లేదే ఆ ఆచారం. బాపట్లలో మీ ఇంట్లో ఉందా?”

“సరే, చెప్పాను. ఏం చేయమంటావు?” అతని గొంతు లేచింది. తప్పు దొరికిపోయిన మగవాడికి కోపం రావడానికి ఎంతసేపు పడుతుంది! “నా ప్రాక్టికల్ ట్రైనింగ్ పర్మిట్ ఆగస్టుతో ఎక్స్‌పైర్ అవుతోంది. జాబ్ రాకపోతే ఇద్దరం సూట్‌కేసులు సర్దుకోవడమే. రెండు పేర్లుంటే కంపెనీవాడు, ఇందులో సగం ఎవరు రాశారు అని అడగడా?”

“సగం కాదు.”

“ఏంటి?”

“సగం కాదు అంటున్నాను. మీరు రాసింది ఇందులో ఎంతో మీకూ తెలుసు.”

సుందర్ రాజ్‌కి తెలుసు. అతనికి తమిళంలో మంచినీళ్లు అడగడం కూడా రాదు. దేవకుమారి పుట్టింది పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. మద్రాసులో మ్యాథ్స్ ఎమ్మెస్సీ చేసి, పెళ్లయి, ఎనభై ఒకటిలో ఈ దేశం వచ్చింది. భర్త లాబ్‌లో పిల్లలకి పాఠం చెప్పే పగటిపూట, యూనివర్సిటీ బేస్‌మెంట్‌లోని టెర్మినల్ రూమ్‌లో అతని అకౌంట్ మీద కూర్చునేది. ఒక్క మాట నిజాయతీగా చెప్పుకోవాలి. ఆ గదికి మొదటిసారి తీసుకెళ్లి, కుర్చీ జరిపి కూర్చోబెట్టి, ఎక్కడ ఏం నొక్కాలో చూపించింది సుందర్ రాజే. అందుకే ఆమె ఇన్నాళ్లూ నమ్మింది, అందుకే ఇవాళ ఇంత మండిపోతోంది.

ఆ భాష పుట్టడానికి కారణం కింది ఫ్లాటు వసుమతి. కుంభకోణం మనిషి, బడి చదువంతా తమిళంలోనే. దేవకుమారి ఒకసారి ఆమెని తోడు తీసుకెళితే, తెరమీది ఆకుపచ్చ అక్షరాల వంక చూసి, “ఇంగ్లీషు రానివాళ్లు చెబితే ఈ పెట్టె వినదా?” అని అడిగింది. దేవకుమారికి ఆ ప్రశ్న పట్టుకుంది. ‘ఎళుదు’ అంటే కంప్యూటర్ రాయాలి, ‘నిల్’ అంటే ఆగాలి, ‘ఎన్రాల్’ అంటే అయితే అని అర్థం చేసుకోవాలి. తెరమీద తమిళ అక్షరాలు లేవు కాబట్టి ఆ మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది. వసుమతి వాటిని పైకి చదివేది. చదువుతూ ఎక్కడ తడబడితే అక్కడ భాష తప్పు, మనిషి తప్పు కాదు అని దేవకుమారి లెక్క. రోజూ మధ్యాహ్నం ఇద్దరాడవాళ్లు నవ్వుకుంటూ, దెబ్బలాడుకుంటూ ఆ భాషని తయారుచేశారు.

“కీవర్డ్స్‌దేముంది కుమారీ,” అన్నాడు సుందర్ రాజ్, కొంచెం మెత్తబడి. “టేబుల్‌లో మార్చేస్తే అయిపోతుంది. కంపెనీకి కావలసింది కూడా అదే. స్కూలు పిల్లల కంప్యూటర్లు ఏ దేశంలో అమ్మితే ఆ దేశం మాటలు పెట్టుకుంటారు. తమిళం ఒక ఎగ్జాంపుల్, అంతే.”

మూడేళ్ల మధ్యాహ్నాలు ఒక ఎగ్జాంపుల్ అయిపోయాయి. దేవకుమారి కిటికీవైపు తిరిగి కూర్చుంది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

“ఇంకో మాట,” అన్నాడు అతను, చర్చి పార్కింగ్‌లోకి తిప్పుతూ. “మంగళవారం సెకండ్ ఇంటర్‌వ్యూకి పిలిచారని ఇవాళ సాక్ష్యం చెబుతున్నాను. ఆనందబాబుగారు కూడా ఉంటారు. రూల్ తెలుసు కదా, నువ్వు లేచి మామూలుగా ఒక మాట చెప్పి కూర్చో. పదిమందిలో నా పరువు తీయకు.”

ఆ రూల్ జోసఫ్ అయ్యగారిది. తెల్లవాళ్ల చర్చి కింద హాలు ఆదివారం రెండు నుంచి ఐదు వరకూ అద్దెకి తీసుకుని, పాతిక తెలుగు కుటుంబాలని పోగుచేసి ఆరాధన నడిపే మనిషి ఆయన. దేవుడు తనకి చేసిన మేలు గురించి ఇంటి యజమాని సాక్ష్యం చెబితే ఇల్లాలు లేచి బలపరచాలి. “ఇది నిజం, దేవునికి స్తోత్రం” అంటే చాలు. మగవాళ్లు గొప్పలకి పోకుండా ఉంటారని పెట్టిన నియమం. ఆ హాల్లో ఇంతవరకూ ఏ ఇల్లాలూ నిజం కాదని అన్నది లేదు.

సుందర్ రాజ్ బాగా మాట్లాడతాడు. టై సవరించుకుని ముందుకొచ్చాడు.

“ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఎనభై ఒకటిలో ఒకరోజు నేను చాలా డిప్రెస్ అయి ప్రార్థన చేసుకుంటుంటే దేవుడు నాకొక తలంపు ఇచ్చాడు. మన దేశంలో పేదపిల్లలు వాళ్ల సొంత భాషలో కంప్యూటర్ నేర్చుకోవాలి అని. మూడేళ్లు కష్టపడ్డాను. ఎన్నోసార్లు ఇక నావల్ల కాదు ప్రభువా అనుకున్నాను. ఆయన నా వేళ్లు పట్టుకుని రాయించాడు. ఇవాళ ఆ పుస్తకం అచ్చయింది. మంగళవారం ఫైనల్ ఇంటర్‌వ్యూ. మీ అందరి ప్రార్థనలు కావాలి. ఈ మూడేళ్లు నాకు టైపు చేసిపెట్టి, టీ పెట్టి ఇచ్చిన నా భార్య గురించి కూడా దేవుణ్ణి స్తుతిస్తున్నాను.”

“స్తోత్రం!” అన్నారు అందరూ. ఆనందబాబు మూడో వరసలో తలవంచి కూర్చున్నాడు. ఆ కంపెనీలో మేనేజరు, ఈ చర్చిలో పెద్ద. ఉద్యోగం చూపించిందీ ఆయనే, శుక్రవారం మొదటి ఇంటర్‌వ్యూ చేసిందీ ఆయనే.

“సిస్టర్ దేవకుమారి,” అన్నారు అయ్యగారు నవ్వుతూ.

ఆమె లేచింది. అబద్ధం ఆడటం చేతకాని మనిషేం కాదు. టెర్మినల్ రూమ్‌లో ఎవరైనా అడిగితే “మా ఆయన కోసం వచ్చాను” అని నూటొక్కసార్లు చెప్పింది. కానీ ఇక్కడ అడుగుతున్నది మనుషులు కాదని ఆమె నమ్మకం. ఇది నిజం అంటే ఆ భాష ఇక జన్మలో తనది కాదు. నిజం కాదు అంటే మొగుడి ఉద్యోగం పోతుంది, ఆగస్టులో విమానం ఎక్కాలి. రెండింటికీ మధ్య ఏదైనా మాట ఉందేమోనని వెతుక్కుంది.

“మా ఆయన చెప్పిన సాక్ష్యంలో ఒక మాట నిజం,” అంది. “టీ నేనే పెట్టాను.”

హాలంతా ఘొల్లుమంది. ఆడవాళ్ల వరసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. సుందర్ రాజ్ కూడా నవ్వాడు, గుండె కుదుటపడ్డ నవ్వు.

దేవకుమారికి ఒళ్లు భగ్గుమంది. “నవ్వకండి. నేను జోక్ చేయట్లేదు. ఆ భాష నేను రాశాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా. ఆయనకి తమిళం రాదు.”

సుందర్ రాజ్ నేలచూపులు చూశాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నిజం ఆ హాలు మధ్యలో దిగంబరంగా నిలబడింది. అందరూ అయ్యగారి వంక చూశారు.

జోసఫ్ అయ్యగారు తెలివైనవారు, గొడవలంటే భయం. చేతులెత్తారు. “ప్రియులారా, ఎంత చక్కని సాక్ష్యం! వారు ఇకమీదట ఇద్దరు కాదు, ఏకశరీరం. ఆయన రాస్తే ఆమె రాసినట్టు, ఆమె రాస్తే ఆయన రాసినట్టు. అలాంటి కుటుంబాన్ని మనకిచ్చినందుకు గట్టిగా హల్లెలూయ చెబుదామా?”

“హల్లెలూయ!”

కీబోర్డు మోగింది, పాట మొదలైంది. ఇంత పని చేసి, మూడేళ్ల గుట్టు బయటపెట్టి, ఆమె మళ్లీ కుర్చీలో కూర్చుంది. ఏమీ కాలేదు. చెబితే కొంప మునుగుతుందని రెండు రోజులు హడలిపోయిన నిజాన్ని వాళ్లు కాఫీలో చక్కెరలా కలిపేసుకున్నారు. అబద్ధమని తోసేసినా ఇంత కడుపు మండేది కాదు.

పక్కనున్న ప్రేమజ్యోతి అమ్మగారు, అయ్యగారి భార్య, ఆమె చెయ్యి నొక్కింది. “అలా పబ్లిక్‌లో అనకూడదమ్మా. మగవాళ్లు నొచ్చుకుంటారు.” తరవాత చెవిదగ్గరకి వంగి, దాదాపు ముద్దుగా అంది. “అయ్యగారి ప్రసంగాలు ఎవరు రాస్తారనుకుంటున్నావు? పదహారేళ్లయింది. నేనెప్పుడైనా ఎవరికైనా చెప్పానా?”

ఓదార్పు అనుకునే చెప్పింది ఆ మహాతల్లి. దేవకుమారి ఆమె మొహంలోకి చూసింది. బాధ ఏమైనా కనిపిస్తుందేమోనని వెతికింది. ఏం లేదు, అలవాటైపోయింది. ఇంకో పదమూడేళ్లకి తన మొహం కూడా ఇలాగే ఉంటుందని అర్థమై, ఆమెకి నిజంగా భయం వేసింది. ఉద్యోగం పోతుందన్న భయం దీని ముందు ఏపాటిది?

ఆరాధన అయ్యాక అందరూ బిరియానీ ట్రేల దగ్గర మూగారు. సుందర్ రాజ్ మగవాళ్ల గుంపులో అభినందనలు అందుకుంటున్నాడు. దేవకుమారి మూలనున్న కాఫీ డబ్బా దగ్గర ఒక్కతే నిలబడింది. ఆనందబాబు పేపర్ కప్పు పట్టుకుని వచ్చాడు. పొడుగు మనిషి, మాట తక్కువ.

“సిస్టర్, ఒకటి అడుగుతాను. ఆ సొల్ ప్రోగ్రామ్‌లో మెషీన్ వాక్యం చివరిదాకా ఆగి, అప్పుడు పని చేస్తుంది. అంతవరకూ మాటలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటుంది. పదహారు మాటలు దాటితే ఎర్రర్ ఇస్తుంది. మెమరీ చూస్తే రెండొందలకి కూడా ప్లేస్ ఉంది. పదహారే ఎందుకు?”

దేవకుమారి ఆలోచించలేదు. “వసుమతి గురించి. మా కింది ఫ్లాటావిడ. నేను రాసిన లైన్లు ఆవిడ పైకి చదివేది. పదహారు మాటలు దాటితే మొదట ఏం చెప్పామో మర్చిపోయేది. ఎన్నిసార్లు చదివించినా అంతే. మనిషికి గుర్తుండనిది మెషీన్‌కి మాత్రం ఎందుకు చెప్పాలి? రెండు లైన్లుగా విరిచి రాసుకోమని అక్కడ ఆపేశాను.”

ఆనందబాబు కప్పు బల్లమీద పెట్టాడు. “శుక్రవారం ఇదే క్వశ్చన్ సుందర్‌ని అడిగాను. ఎఫిషియెన్సీ కోసం అన్నాడు. ఎలా ఎఫిషియెంట్ అంటే, దేవుడిచ్చిన తలంపు అన్నాడు.”

ఆమె ఆ కప్పు కింద కాగితపు రుమాలు సరిచేసింది. మొగుడు అలా దొరికిపోయాడని వింటే సంతోషం కలగాలి కదా. సిగ్గేసింది. ఎంతైనా తన మనిషి.

“నేను జాలితో మాట్లాడట్లేదు సిస్టర్,” అన్నాడు ఆయన. “సుందర్‌ని రికమెండ్ చేసింది నేను. రేపు అతను ఆ ప్రోగ్రామ్‌లో ఒక్క లైను మార్చలేకపోతే పోయేది నా ఉద్యోగం. నాకు దాన్ని రాసిన మనిషి కావాలి. మీకు మాస్టర్స్ ఉందిగా? మీ పేరు మీద హెచ్-వన్ వీసాకి ఫైల్ చేయిస్తాను. మా లాయర్ చేస్తాడు. కాకపోతే ఒకటి.”

“ఏంటండీ?”

“ఉన్నది ఒకటే పొజిషన్. మీకిస్తే అతనికి లేదు. ఆగస్టు తరవాత మీ ఆయన మీ మీద డిపెండెంట్ అవుతాడు. వర్క్ చేయడానికి ఉండదు. ఇంట్లో ఉండాలి.” ఆ మాట అనడానికి ఆయనకే ఇబ్బందిగా ఉంది, అటూ ఇటూ చూశాడు. “బాగా ఆలోచించుకోండి. కాపురం వ్యవహారం. మంగళవారం పదింటికి ఎవరొస్తే వాళ్లనే ఇంటర్‌వ్యూ చేస్తాను. ఇంతకుమించి నేనేం మాట్లాడను.”

ఆయన వెళ్లిన వెంటనే సుందర్ రాజ్ వచ్చాడు. అన్నం ప్లేటుతో, అందరికీ కనబడేలా నవ్వుతూ వచ్చాడు గాని, కళ్లలో భయం ఉంది. “ఏమంటున్నారు ఆయన? నువ్వన్నదాని గురించేనా?”

“ఉద్యోగం గురించి.”

“ఏమన్నారు? పోయిందా?”

“లేదు. ఖాయమే అంటున్నారు.”

అతని మొహం విచ్చుకుంది. పదిమంది చూస్తుండగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి. “చూశావా! నువ్వెంత తొందరపడ్డావో! దేవుడు మంచివాడు కాబట్టి సరిపోయింది.”

ఇంటికి వెళ్లే దారంతా సుందర్ రాజే మాట్లాడాడు. గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో, రెండు బెడ్‌రూముల ఫ్లాటులోకి ఎప్పుడు మారాలో, ఈ డొక్కు కారు ఎవరికి అమ్మేయాలో అన్నీ చెప్పాడు. ఆమెని క్షమించేశాడు కూడా. ఆ తెరమీద మొదటిసారి ‘ఎళుదు’ అంటే కంప్యూటర్ దేవకుమారి అని రాసిన మధ్యాహ్నం ఆమెకి గుర్తొచ్చింది. వసుమతి కుర్చీ మీంచి ఎగిరి గంతేసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెబితే, “గుడ్, ఆ ఫైలు నా డైరెక్టరీలో సేవ్ చేశావు కదా?” అన్నాడు ఈయన.

“ఏవండీ.”

“ఊఁ?”

“మంగళవారం నన్ను కూడా ఆ ఆఫీస్‌కి తీసుకెళ్లాలి. నాకు డ్రైవింగ్ రాదు కదా.”

అతను ముచ్చటపడ్డాడు. “నువ్వెందుకు, బోర్ కదా? ఇంటర్‌వ్యూ రెండు గంటలు పడుతుంది. అంతసేపూ కార్లో కూర్చుంటావా?”

“నేను కాదు,” అంది దేవకుమారి. “మీరు కూర్చోండి.”